రబ్బరు చెట్టు ఏడేళ్ల లెక్క

వరి వేసిన రైతు నాలుగు నెలల్లో గింజ కళ్లజూస్తాడు. పత్తికి ఆరేడు నెలలు. ఆయిల్‌పామ్ గెలలు నాలుగో ఏటి నుంచి కోతకొస్తాయి. రబ్బరు మొక్క నాటినవాడు మాత్రం ఏడేళ్లు ఆగాలి. కాండం 125 సెంటీమీటర్ల ఎత్తున 50 సెంటీమీటర్ల చుట్టుకొలతకు రావాలి. తోటలో నూటికి 70 చెట్లయినా అంత లావెక్కాలి. అప్పుడుగాని బెరడు మీద కత్తి పెట్టకూడదు. తొందరపడి ముందే గీస్తే చెట్టు ఎదుగుదల కుంటుపడి, ఆ తర్వాత కూడా పాలు తక్కువే వస్తాయి. ఆ ఏడేళ్లూ కలుపు తీయాలి, ఎరువు వేయాలి, ఎండాకాలంలో లేత కాండానికి సున్నం పూయాలి, వానల్లో తెగుళ్లు కనిపెట్టుకుని ఉండాలి. చేతికి పైసా రాదు.

ఈ ఏడేళ్లను మోసేది ఎవరు? దేశంలో 13 లక్షల మందికి పైగా రబ్బరు పండిస్తున్నారు. సగటున ఒక్కొక్కరి తోట అర హెక్టారుకు కాస్త ఎక్కువ, అంటే ఎకరన్నర లోపు. దేశపు సహజ రబ్బరులో నూటికి 90 పాళ్లు ఈ చిన్న తోటలదే. కేరళలోని కొట్టాయం, పత్తనంతిట్ట, ఎర్నాకుళం జిల్లాల్లో ఇంటి వెనక వాలు నేలలో రెండు మూడు వందల చెట్లు, వాటి మీదే పిల్లల చదువు, పెళ్లి, వైద్యం. ఇలాంటి ఇంటికి మేలురకం మొక్కలు ఇస్తే చాలు, ఆదాయం దానంతటదే పెరుగుతుందని అనుకోవడం తేలిక. రకం చేసే పని చెట్టు ఎంత ఇవ్వగలదో ఆ గరిష్ఠాన్ని పెంచడం. అందులో రైతు చేతికి ఎంత మిగులుతుందన్నది వేరే లెక్క. ఏడేళ్ల ఖాళీని ఎవరు పూడ్చారు, కత్తి పట్టినవాడికి పని వచ్చా, సరుకు ఎవరి ద్వారా అమ్మారు, ఆ వారం బ్యాంకాక్‌లో ధర ఎంత పలికింది అన్న ప్రశ్నలన్నీ ఆ లెక్కలో ఉన్నాయి.

ముందు చెట్టు సంగతి చూద్దాం. రబ్బరు పాలు వేరు నుంచి ఆకుకు పోయే నీరు కాదు, వేపచెట్టు కారే బంక లాంటిదీ కాదు. బెరడు లోపలి పొరల్లో వలయాలు వలయాలుగా పాలనాళాలు ఉంటాయి. వాటిలోని పాలల్లో నూటికి 30 నుంచి 40 పాళ్లు రబ్బరు, మిగతాది ఎక్కువగా నీరు. నాళాలు నిట్టనిలువుగా ఉండవు, కొద్దిగా మెలితిరిగి పైకి పోతాయి. అందుకే గీతను ఎడమ పక్క ఎత్తులో మొదలుపెట్టి కుడి పక్కకు దించుతారు. అలా అయితే ఎక్కువ నాళాలు తెగుతాయి. నాళాలు దట్టంగా ఉండేది చెట్టును పెంచే కేంబియం పొరకు ఆనుకునే కాబట్టి కత్తి ఆ పొరకు మిల్లీమీటరు దూరం దాకా వెళ్లాలి, దాన్ని తాకకూడదు. తాకిందా, అక్కడ బెరడు బొడిపెలు కట్టి తిరిగి గీతకు పనికిరాకుండా పోతుంది. తెల్లవారుజామున నాళాల్లో ఒత్తిడి ఎక్కువ, అందుకే చీకటితోనే గీస్తారు. కాసేపటికి తెగిన చోట నాళాలు మూసుకుపోయి పాలు ఆగిపోతాయి. ఒక చెట్టుకూ మరో చెట్టుకూ దిగుబడిలో తేడా రావడానికి ముఖ్య కారణాలు రెండు: బెరడులో ఎన్ని నాళాల వరుసలున్నాయి, అవి ఎంత త్వరగా మూసుకుంటాయి.

హెన్రీ విక్‌హామ్ 1876లో అమెజాన్ అడవి నుంచి 70 వేల గింజలను లండన్‌లోని క్యూ ఉద్యానానికి చేర్చాడు. మొలిచినవి మూడు వేలలోపే. వాటిలో చాలావాటిని శ్రీలంకకు పంపారు, అక్కడి నుంచి సింగపూర్, మలయా, భారతదేశం. మన దేశంలో తొలి వాణిజ్య తోట 1902లో కేరళలో పెరియార్ ఒడ్డున తట్టేక్కాడ్‌లో వేశారు. ఆనాటి తోటలన్నీ గింజ మొక్కలే. గింజ మొక్కల్లో ఏ రెండూ ఒక్కటి కావు. ఒకే తోటలో ఒకటి గిన్నె నింపితే పక్కది అడుగు కూడా తడపదు. మంచి చెట్టు గింజ తెచ్చి నాటినా పిల్ల మొక్కకు ఆ గుణం వస్తుందన్న నమ్మకం లేదు. 1910ల్లో డచ్చివారి ఏలుబడిలోని ఇండోనేషియాలో మొగ్గ అంటు పద్ధతి కుదిరాక కథ మారింది. బాగా పాలిచ్చే చెట్టు కొమ్మ నుంచి ఒక మొగ్గను బెరడుతో సహా తీసి, చిన్న గింజ మొక్క కాండానికి అతికిస్తారు. అతుకు పట్టాక పైభాగం కోసేస్తే ఆ మొగ్గే చెట్టవుతుంది. వేళ్లు ఒకరివి, ఒళ్లు ఇంకొకరిది. ఇలా ఒక్క తల్లి నుంచి వచ్చిన చెట్లన్నిటినీ కలిపి క్లోన్ అంటారు.

ఇప్పుడు దేశంలో అందరి నోటా వినిపించే క్లోన్ ఆర్‌ఆర్‌ఐఐ 105. భారత రబ్బరు పరిశోధన సంస్థ 1955లో కొట్టాయంలో మొదలైంది. ఇండోనేషియా నుంచి వచ్చిన టీజిర్ 1, మలయా నుంచి వచ్చిన జీఎల్ 1 అనే రెండు క్లోన్లను కలిపే పని అంతకు ఏడాది ముందే ఆరంభమైంది. రబ్బరు పూలు చిన్నవి. చేత్తో పుప్పొడి అద్దినా నూటికి అయిదు కాయలు కూడా నిలవవు. నిలిచిన కాయల గింజలు మొలవాలి, ఏడేళ్లు పెరగాలి, చాలా ఏళ్లు గీసి చూడాలి, వాటిలో మెరుగైనదాన్ని అంటుకట్టి పెద్ద తోటగా పెంచి మళ్లీ గీసి చూడాలి. అలా చూసి చూసి 1980లో రైతులకు విడుదల చేశారు. పూవు అద్దిన నాటి నుంచి రైతు చేతికి రావడానికి పాతికేళ్లు దాటింది. ఉద్యోగంలో కుర్రాడిగా చేరి ఆ పూలకు పుప్పొడి అద్దిన మనిషి, ఫలితం వచ్చేనాటికి పదవీ విరమణకు దగ్గరపడి ఉంటాడు. వరి వంగడం పదేళ్లలో తయారవుతుంటే రబ్బరుకు ఇంత కాలం పట్టడం శాస్త్రజ్ఞుల నిదానం వల్ల కాదు, చెట్టు స్వభావం అది. అందుకే రబ్బరు పరిశోధనకు ఒక ఏడాది నిధులు తగ్గిస్తే ఆ లోటు పాతికేళ్ల తర్వాత రైతు తోటలో కనబడుతుంది.

ఆర్‌ఆర్‌ఐఐ 105 బాగా చూసుకున్న తోటల్లో హెక్టారుకు ఏడాదికి రెండు వేల కిలోలు దాటింది. 1950-51లో దేశ సగటు 284 కిలోలు. 2006-07 నాటికి అది దాదాపు 1,880 కిలోలు. ఆరు రెట్లు మించిన ఈ పెరుగుదల ప్రపంచంలోనే ముందు వరసలో నిలిచింది. ఘనత అంతా క్లోన్‌కు కట్టబెట్టే ముందు ఒక తేదీ గమనించాలి. పాత గింజ తోటలు కొట్టి మేలురకం నాటితే డబ్బు సాయం ఇచ్చే పథకాన్ని రబ్బరు బోర్డు 1957లోనే తెచ్చింది. చిన్న రైతుకు కొత్త తోటకూ, పాత తోట తిరగనాటడానికీ ఏడాది ఏడాదికి విడతలుగా సాయం, అంటు మొక్కలు, సలహా కలిపి ఇచ్చే విస్తృత పథకం 1980లో మొదలైంది. ఆర్‌ఆర్‌ఐఐ 105 విడుదలైన సంవత్సరమూ అదే. విడత డబ్బు రావాలంటే బోర్డు చెప్పిన రకం నాటాలి, చెప్పిన ఎడం పాటించాలి, అధికారి వచ్చి చూడాలి. డబ్బు కోసం ఒప్పుకున్న ఆ షరతే రకాన్ని ఊరూరికీ మోసుకెళ్లింది.

ఇదే పాఠం థాయ్‌లాండ్‌లో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అక్కడ ఎక్కువగా నాటింది మలేషియా తయారుచేసిన ఆర్‌ఆర్‌ఐఎం 600 క్లోన్‌ను. సొంత రకం కాదు, పొరుగుదేశపు రకం. కాని 1960లో థాయ్ ప్రభుత్వం తిరగనాటే నిధిని చట్టం చేసి పెట్టింది. ఎగుమతయ్యే ప్రతి కిలో రబ్బరు మీద పన్ను వసూలు చేసి, ఆ డబ్బును ముసలి చెట్లు కొట్టే చిన్న రైతుకు తిరిగి ఇచ్చారు. 1990ల తొలినాళ్లకు థాయ్‌లాండ్ ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

సాయం లేకుండా రకం ఒక్కటే వెళ్తే ఏమవుతుందో సుమత్రాలో చూడొచ్చు. జంబి ప్రాంతంలో రైతులు తరతరాలుగా అడవి రబ్బరు పెంచుతున్నారు. గింజ మొక్కలు చల్లి వదిలేస్తారు, చుట్టూ పండ్ల చెట్లు, కలప చెట్లు, పొదలు వాటంతటవే పెరుగుతాయి. దిగుబడి మేలు తోటల్లో మూడో వంతు. ఖర్చూ అంతే తక్కువ. అలాంటి చోట అంటు మొక్క నాటి కలుపు తీయకుండా వదిలితే అది పొదల కింద అణిగిపోతుంది. మేలు క్లోన్ పోషణ కోరుతుంది, గింజ మొక్క మొండిది. 1990ల్లో ప్రపంచ వ్యవసాయ అడవుల పరిశోధన కేంద్రం అక్కడ ప్రయోగాలు చేసి, చెట్టు వరసకు అటూ ఇటూ మాత్రం కలుపు తీస్తూ మధ్యలో మిగతా మొక్కల్ని పెరగనిచ్చే పద్ధతులు రూపొందించింది. పేద రైతు భరించగలిగినంత శ్రమతో మంచి రకాన్ని నిలబెట్టే ప్రయత్నమది. నా దృష్టిలో హెక్టారుకు ఎన్ని కిలోలన్న పోటీ కన్నా ఈ పని గొప్పది.

ఏడేళ్ల కాలానికి వడ్డీ కట్టి చూస్తే సాయం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి నాటాడనుకుందాం. ఏటా అసలులో కలుస్తూ పోతే ఏడో ఏటికి అప్పు నాలుగున్నర లక్షలు. అదే నూటికి రూపాయి చొప్పున దొరికితే రెండు లక్షల 20 వేలు. చెట్టు ఇచ్చే పాలలో మార్పేమీ లేదు, రైతు బతుకులో మాత్రం రెండు లక్షలకు పైగా తేడా. మొదటి ఏళ్లలో ఇచ్చిన రూపాయి ఎనిమిదో ఏడు ఇచ్చే రూపాయి కన్నా ఎంతో బరువైనది. సంప్రదాయ రబ్బరు ప్రాంతాల్లో హెక్టారుకు ఇచ్చే నాటు సాయం చాలాకాలం 25 వేలు, 2024లో దాన్ని 40 వేలకు పెంచారు. నాటు ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువే. ఈ లెక్కే కొత్త క్లోన్ల మీద కూడా వెలుగు వేస్తుంది. ఆర్‌ఆర్‌ఐఐ 105ను శ్రీలంక క్లోన్ ఆర్‌ఆర్‌ఐసీ 100తో కలిపి తెచ్చిన 400 వరస రకాల్లో 414, 430 క్లోన్లను 2005లో విడుదల చేశారు. పరీక్షా తోటల్లో ఇవి 105 కన్నా ఎక్కువ పాలిచ్చాయి. అంతకన్నా ముఖ్యం, తొలి ఏళ్లలో త్వరగా లావెక్కాయి. ఏడాది ముందు గీత మొదలైతే ఏడాది వడ్డీ తప్పినట్టే. క్లోన్‌ను పాలతో మాత్రమే కొలిచేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

సాయం అంటే సర్కారు డబ్బు ఒక్కటే కాదు. ఎర్నాకుళం జిల్లా వాళక్కుళం చుట్టుపక్కల అనాస రైతులు లేత రబ్బరు తోటల్ని కౌలుకు తీసుకుంటారు. చెట్ల నీడ ఇంకా కమ్ముకోని మొదటి మూడు నాలుగేళ్లు వరసల మధ్య అనాస పండుతుంది. కౌలు డబ్బు వస్తుంది, చాలాచోట్ల రబ్బరు మొక్కలు నాటి పెంచే ఖర్చు కూడా అనాస రైతే పెట్టుకుంటాడు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన వాళక్కుళం అనాస ఇలా ఎంతోమందికి తిరగనాటే ధైర్యమిచ్చింది. ఇంకా, రబ్బరు చెట్టు కొత్త ఆకు తొడిగే జనవరి నుంచి మార్చి దాకా ఆకుతొడిమల దగ్గర తేనె ఊరుతుంది. దేశంలో పెంపుడు తేనెకు రబ్బరు తోటలు పెద్ద ఆధారం. పాతికేళ్లు గీశాక కొట్టిన చెట్టు కలప, మందు పట్టించి ఆరబెడితే కుర్చీలు బల్లలవుతుంది. ఈ చిల్లర రాబళ్లను కలిపి చూడని ఆదాయ లెక్క అరకొర లెక్కే.

కేరళ రైతుకు కనీసం భూమి పట్టా, బ్యాంకు ఖాతా, చదువు ఉన్నాయి. అవేవీ లేని చోట ఏం చేయాలి? దీనికి మన దేశంలో త్రిపుర ఇచ్చిన జవాబు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. అక్కడ అటవీ శాఖ 1963లో రబ్బరు తెచ్చింది, నేలకోతను ఆపడానికి. ఝూమ్ సాగుచేసే గిరిజన కుటుంబాలకు, మన భాషలో పోడు రైతులకు, స్థిర జీవనం చూపించడానికి 1980ల్లో ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టారు. 1992 నుంచి రబ్బరు బోర్డు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి బ్లాకు తోటలు వేశాయి. పక్కపక్కన భూములున్న కుటుంబాలను ఒక గుంపుగా చేర్చి, ఒకే తోటగా నాటారు. మొక్కలు, ఎరువు ఇచ్చారు. అన్నిటికన్నా పెద్ద సంగతి, సొంత నేలలో పనిచేసినందుకు ఆ కుటుంబాలకే కూలి చెల్లించారు. ఏడేళ్ల ఆకలికి అదే మందు. ఆ ఏడేళ్లలో గీత నేర్పారు, పాలను పేరబెట్టి షీటు చేయడం నేర్పారు, తోట పాలకు వచ్చాక ఎవరి చెట్లు వారికి అప్పగించారు. త్రిపుర ఇప్పుడు కేరళ తర్వాత రెండో స్థానంలో ఉంది, సుమారు లక్ష హెక్టార్ల రబ్బరుతో.

దీనికి మరో పక్కా ఉంది. ఝూమ్ చేలో వరి, మొక్కజొన్న, నువ్వులు, మిరప, కూరగాయలు కలిసి పండేవి. రబ్బరు తోటలో తినేది ఏదీ పండదు. బియ్యం కొనుక్కోవాలి. రబ్బరు ధర పడిన సంవత్సరం బియ్యం ధర కూడా పడదు కదా. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు మన ఏజెన్సీ గ్రామాల్లో కొద్దిపాటి రబ్బరు తోటలున్నాయి. అక్కడ వాన కేరళ కన్నా చాలా తక్కువ, వేసవి పొడవు. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్ల వాన నెలనెలా పంచినట్టు పడే నేలను కోరే చెట్టు ఇది. పొడి వాతావరణాన్ని తట్టుకునే క్లోన్లను మహారాష్ట్రలోని దాప్చరి, ఒడిశాలోని ఢెంకనాల్ కేంద్రాల్లో పరీక్షిస్తున్నారు. ఆ ఫలితాలు చూసుకుని, త్రిపుర లాంటి కూలి ఏర్పాటు, కొనేవాడి భరోసా ఉంటేనే పోడు రైతుకు రబ్బరు మాట చెప్పాలి. కందులు, రాగులు పండే నేలంతా రబ్బరుకు ఇచ్చేయమనడం మాత్రం అన్యాయం.

చెట్టు గీతకు వచ్చాక ఆదాయాన్ని తేల్చేది కత్తి. గీతకు ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున బెరడు పోతుంది. జాగ్రత్తగా గీస్తే ఒక పక్క కొన్నేళ్లు వస్తుంది, ఆ తర్వాత రెండో పక్క, ఆలోగా మొదటి పక్క బెరడు తిరిగి పెరుగుతుంది. లావుగా చెక్కితే చెట్టు ఆయుష్షు సగమవుతుంది. క్లోన్ ఎంత గొప్పదైనా రాని చేతిలో పడితే వృథా. రబ్బరు బోర్డు గీత నేర్పే ట్యాపింగ్ బడులు నడపడం అందుకే. వానది ఇంకో బాధ. తడిసిన బెరడు మీద పాలు గిన్నెలోకి దిగక కాండం పొడుగునా కారిపోతాయి. కేరళలో జూన్ నుంచి నెలల తరబడి వాన. గీతకు పైన కాండం చుట్టూ ప్లాస్టిక్ పరికిణీ లాంటిది తారుతో అతికిస్తే ఆ రోజుల్లోనూ గీయొచ్చు. చెట్టుకు కొన్ని రూపాయల ఈ పనితో ఏటా పదుల సంఖ్యలో గీత రోజులు దక్కుతాయి. కొత్త క్లోన్ పెంచే దిగుబడి ఎనిమిదో ఏడు గాని కనబడదు, వాన పరికిణీ పెంచేది ఈ ఏడాదే.

గీసేవాడికి ఇచ్చే కూలే పెద్ద ఖర్చు. లెక్కకోసం అర హెక్టారు తోట, 225 చెట్లు, ఏడాదికి 750 కిలోలు, 140 గీతలు, గీతకు చెట్టుకు రెండు రూపాయల కూలి అనుకుందాం. కూలి 63 వేలు. రబ్బరు కిలో 240 ఉంటే రాబడి లక్షా 80 వేలు, కూలి పోను లక్షా 17 వేలు. కిలో వందకు పడితే రాబడి 75 వేలు, మిగిలేది 12 వేలు, అందులోంచే ఎరువు, పాలు పేరబెట్టే ఆమ్లం, వాన పరికిణీ. చెట్టు అదే, దిగుబడి అదే. ఈ కూలి భారానికి పరిశోధన సంస్థ చూపిన దారి వారానికి ఒక్క గీత. బెరడుకు ఎథెఫాన్ అనే మందు పూస్తే అది ఇథిలీన్‌గా విడిపోయి, నాళాలు త్వరగా మూసుకోకుండా చేస్తుంది, పాలు ఎక్కువసేపు కారతాయి. రోజు విడిచి రోజు గీసే తోటతో పోలిస్తే గీతలు మూడో వంతుకు లోపే, బెరడు ఆదా, గీసే మనిషి, అంటే ట్యాపరు, దొరకని బాధ తగ్గుతుంది. తామే గీసుకునే చిన్న రైతులకు ఇది వరం, వారంలో ఒక రోజు పని, మిగతా రోజులు వేరే ఉద్యోగం. మందు మోతాదు మించితే చెట్టుకు పాలు ఎండిపోతాయి. ఆర్‌ఆర్‌ఐఐ 105కు అసలే ఆ ఎండు జబ్బు ఎక్కువ.

అమ్మకంలో రైతు పోగొట్టుకునేది కంటికి కనబడదు. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి ధర కట్టినట్టే రబ్బరు పాలకూ పొడి రబ్బరు శాతం చూసి ధర కడతారు. కొలిచేవాడే కొనేవాడైతే శాతం ఎప్పుడూ కాస్త తగ్గే ఉంటుంది. షీటు చేసి అమ్మేవాడికి ఇంకో చిక్కు: ఫార్మిక్ ఆమ్లంతో పేరబెట్టి, రోలర్లలో వత్తి, పొగలో ఆరబెట్టాలి. శుభ్రంగా ఆరిన షీటు మేలు తరగతి, మచ్చలు పడ్డది తక్కువ తరగతి. పది షీట్ల కోసం ఎవరూ పొగ గది కట్టుకోలేరు. 1980ల మధ్య నుంచి రబ్బరు బోర్డు ప్రోత్సాహంతో ఊరూరా ఏర్పడిన రబ్బరు ఉత్పత్తిదారుల సంఘాలు ఈ లోటు పూడ్చాయి. పాలు ఒక చోట చేర్చి కొలవడం, అందరికీ ఒకే పొగ గది, ఎరువులు, వాన పరికిణీల సామాను టోకున తెచ్చి పంచడం వాటి పని. కిలోకు అయిదో పదో ఎక్కువ రావడం చిన్న విషయంగా కనిపించవచ్చు. పై లెక్కలో 12 వేలు మిగిలిన రైతుకు కిలోకు పది రూపాయలంటే ఏడున్నర వేలు.

ఇక ధర. కొట్టాయం బజారులో నాలుగో తరగతి షీటు 2011 ఏప్రిల్‌లో కిలో 240 రూపాయలు దాటింది. 2016 తొలి నెలల్లో వందకు దిగువన పడింది. 2024 ఆగస్టులో మళ్లీ పాత రికార్డును దాటింది. ఈ ఊగిసలాటకు మూలం కూడా ఆ ఏడేళ్లే. 2000ల్లో ధర పెరుగుతుంటే వియత్నాం, కంబోడియా, లావోస్, చైనాలోని యునాన్ కొండల్లో విపరీతంగా నాటారు. ఆ చెట్లన్నీ ఏడేళ్ల తర్వాత ఒక్కసారిగా పాలకు వచ్చాయి, సరిగ్గా చైనా గిరాకీ మందగించిన రోజుల్లో. అందరూ మేలురకమే నాటారు, అందరి దిగుబడీ పెరిగింది, అందరి ధరా పడింది. రకం వల్ల వచ్చిన లాభంలో పెద్ద భాగం టైరు కంపెనీకి, మీకూ నాకూ బండి టైరు రూపంలో పోయింది. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలోనో తిరుపతి జిల్లా చిన్నపాండూరులోనో తయారయ్యే టైరులోని రబ్బరుకు కొట్టాయం రైతు ఎంత పొందాడన్నది ఆ కర్మాగారం కన్నా బ్యాంకాక్, సింగపూర్ బజార్లే ఎక్కువ నిర్ణయిస్తాయి.

ధర పడ్డప్పుడు కేరళలో వేలమంది గీత ఆపేశారు. 2012-13లో తొమ్మిది లక్షల టన్నులు దాటిన దేశపు ఉత్పత్తి 2015-16కు 5.6 లక్షల టన్నులకు జారింది. 2015 జులైలో కేరళ ప్రభుత్వం కిలోకు 150 రూపాయల హామీ ధర ప్రకటించింది. బజారు ధరకూ దానికీ ఉన్న తేడాను రైతు ఖాతాలో వేస్తారు, రెండు హెక్టార్ల వరకు. ఆ హామీ తర్వాత 170, 180 అయింది, 2025 నవంబరు నుంచి 200. బిల్లులు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా వెళ్లాలి. కష్టకాలంలో ఇది చాలా ఇళ్లను నిలబెట్టింది. కాని గీసి అమ్మినవాడికే ఇది అందుతుంది. కూలి భరించలేక తోట మూసేసిన రైతుకూ, సగం పాలు వంతుకు గీసే ట్యాపరుకూ నేరుగా ఏమీ రాదు. సహజ రబ్బరును ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందంలో చేర్చలేదు, పారిశ్రామిక ముడిసరుకుగానే చూస్తుంది. రైతు పెరట్లో పండే పంటకు వ్యవసాయ పంట హోదా లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. దిగుమతి సుంకం 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, ఏది తక్కువైతే అది. రసాయనాలు కలిపిన మిశ్రమ రబ్బరు మాత్రం చాలాకాలం 10 శాతంతో లోపలికి వచ్చింది. 2023 బడ్జెట్‌లో గాని ఆ సందు మూయలేదు.

కేరళ తోటల్లో అత్యధిక భాగం ఒక్క ఆర్‌ఆర్‌ఐఐ 105దే. పక్కపక్కన లక్షల చెట్లు జన్యుపరంగా ఒకే చెట్టు. దానికి పడని తెగులు వస్తే అందరికీ ఒకేసారి వస్తుంది. కొమ్మల సందుల్లో గులాబీ తెగులు దీనికి ఎక్కువ. ధర లేనప్పుడు రైతు మొదట మానేది మందు పిచికారీ, ఆకు రాలడం పెరిగి మరుసటి ఏడు పాలు తగ్గుతాయి. దక్షిణ అమెరికా ఆకుతెగులు హెన్రీ ఫోర్డ్ 1928లో బ్రెజిల్‌లో పెట్టిన ఫోర్డ్‌లాండియా తోటలను తుడిచిపెట్టింది. అది ఇంకా ఆసియాకు రాలేదు. ఆసియా చెట్లన్నిటి మూలం విక్‌హామ్ తెచ్చిన గింజలే కాబట్టి తట్టుకునే గుణం మన దగ్గర తక్కువ. అందుకే 1981లో రబ్బరు దేశాలు కలిసి అమెజాన్ అడవుల్లోంచి కొత్తగా అడవి గింజలు సేకరించాయి. వాటిని తోటల్లో కాపాడుతూ వాడుకోవడం నిశ్శబ్దంగా సాగే పని, రేపటి రైతు ఆదాయానికి అదే బీమా.

ఇప్పుడు చూపంతా ఈశాన్యం మీద. అక్కడ చలికాలం చల్లన, 105 అంతగా రాణించదు. ఆర్‌ఆర్‌ఐఎం 600, ఆర్‌ఆర్‌ఐఐ 208, 429 మేలు. చలికి, కరువుకు తట్టుకునేలా ఒక జన్యువు అదనంగా చేర్చిన రబ్బరు మొక్కలను 2021 జూన్‌లో గౌహతి దగ్గర సరుతరిలో ప్రయోగంగా నాటారు. టైరు కంపెనీల సంఘం వెయ్యి కోట్లకు పైగా వెచ్చించి ఈశాన్య రాష్ట్రాల్లోనూ పశ్చిమ బెంగాల్లోనూ రెండు లక్షల హెక్టార్లు నాటించే పథకమూ ఆ ఏడాదే మొదలైంది. దేశం ఏటా వాడే రబ్బరు 14 లక్షల టన్నులు, పండేది 8.5 లక్షల టన్నుల చిల్లర, కనుక కంపెనీల తొందర అర్థమవుతుంది. 2021లో నాటిన మొక్కలకు 2028లో కత్తి పెడతారు. ఆ తర్వాత ఏటేటా కొత్త తోటలు పాలకు వస్తూనే ఉంటాయి. ఆ ఊళ్లలో గీత నేర్పే బడులు, సంఘాల పొగ గదులు, పొడి రబ్బరు శాతాన్ని నిజాయితీగా కొలిచే కేంద్రాలు అప్పటికల్లా సిద్ధంగా ఉండాలి. కొత్త సరుకు బజారును ముంచినప్పుడు ధర హామీ ఎవరు ఇస్తారో, ఎంత ఇస్తారో మొక్క నాటే రోజునే రైతుకు రాసి ఇవ్వాలి.